యార్డు గోడ మీద బొట్లు

మా ఊళ్ళో మిరప యార్డు ప్రహరీ గోడ పక్కన ఎవరు నడిచినా దగ్గు వస్తుంది. ఎండాకాలంలో, యార్డు నిండా టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఉన్నప్పుడు రావడం సహజం. యార్డు ఖాళీగా ఉండే వానాకాలంలోనూ వస్తుంది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి కారణం చెప్పగలను. ఇన్నేళ్ళ కారం దుమ్ము ఆ ఇటుకల సందుల్లో ఇంకిపోయింది, గాలి తగిలితే లేస్తుంది. ఈ సంగతి పిల్లలకి చాలాసార్లు చెప్పాను, వాళ్ళూ రాసుకున్నారు. గోడ మీద బొమ్మలు వేశాక మాత్రం నమ్మడం మానేశారు. "బొమ్మల్లో వాళ్ళు దగ్గుతున్నారు టీచర్, మనకి అంటుకుంటంది" అని ఒక పిల్ల క్లాసులో లేచి చెప్పింది. కూర్చోమని కసిరాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, గోడ పక్కన నడవకుండా, రోడ్డు దాటి ఇటు పక్కకి వచ్చేశాను.

బొమ్మలు వేయించింది మునిసిపాలిటీ. ఊరి చరిత్ర గోడల మీదికి రావాలని పైనుంచి చెప్పారట. మన ఊరికి చరిత్రేమిటని ముందు అందరూ నవ్వారు. తర్వాత మా తాత బొమ్మ వేయండంటే మా తాత బొమ్మ వేయండని ఆఫీసు ముందు వరస కట్టారు. చివరికి గోడ ఎక్కినవేమిటంటే, ఎక్కడో పొలంలో దొరికిన బౌద్ధుల పలకరాయి, ఒక రాజుగారు, ఆయన ఏనుగు, పొగాకు కాల్చే బ్యారన్లు, పత్తి జిన్నింగు మిల్లు, ఊరికి వచ్చిన మొదటి బస్సు, ఖద్దరు టోపీల పెద్దమనుషులు. ఆ రాజెవరని నేను అడిగాను. ఏనుగు ఎంత బాగా వచ్చిందో చూడండి మేడమ్ అన్నారు. మా ఊరికి లేని కొండ కూడా ఒకటి వెనకాల నీలంగా తేలింది. గోడ చివర, గేటు పక్కన మిగిలిన జాగాలో మిరపకాయల కల్లం వేశారు. ఎర్రటి రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్న పది పన్నెండు మంది ఆడవాళ్ళు, అసలు మనుషులంత సైజులో. వాళ్ళలో ఎడమ నుంచి రెండో ఆమె మా అమ్మ.

ఆ ఆడవాళ్ళ కళ్ళు మనతోపాటే తిరుగుతాయని ఊళ్ళో ప్రచారం. తిరగవు. నేను అటూ ఇటూ నడిచి చూశాను. అవి ఒక్కచోటే చూస్తాయి, రోడ్డుకి ఇవతల, సైకిళ్ళ షాపు ముందు, మనిషి నిలబడేంత చోటులో. అక్కడ ఎవరూ లేనప్పుడు కూడా అంతమందీ అక్కడికే చూస్తూ ఉంటారు. తిరిగినా బాగుండేదనిపించింది నాకు.

ఆ బొమ్మకి ఆధారం ఒక ఫొటో. అమ్మ వాళ్ళ ముఠా ఏటా మిరపకాయ కోతలకీ, కల్లంలో పనికీ ఒక రైతుగారి ఇంటికి వెళ్ళేది. ఆ ఇంట్లో పెళ్ళికి వచ్చిన ఫొటోగ్రాఫరు, రీల్లో ఒకటి మిగిలిందని కల్లంలోకి వచ్చి, మొహానికి కట్టుకున్న గుడ్డలు తీసి ఒక్కసారి ఇటు చూడండమ్మా అన్నాడు. అందరూ చూశారు. ఆ ఇంటి పెద్దావిడకి అది ఎందుకో తెగ నచ్చి, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. అలా మా పాలెం ఆడవాళ్ళు ఆ హాల్లో ఎన్నో ఏళ్ళు ఉన్నారు. కాళ్ళతో నడిచి మాత్రం ఒక్కరూ ఆ గుమ్మం దాటింది లేదు. మంచినీళ్ళయినా వరండా మెట్ల దగ్గరే. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మకి మండదు. ఆ పెద్దావిడంటే అమ్మకి ఇష్టం.

మా పాలెం అంతా చర్చికి వెళ్ళేవాళ్ళం. బొట్టు పెట్టుకోం. ఫొటోలో అందరివీ బోసి నుదుళ్ళే. ఆ ఇంటి ఆచారం వేరు. పోయినవాళ్ళ ఫొటోకి, అద్దం మీద, సరిగ్గా నుదురు ఉన్నచోట కుంకుమ బొట్టు పెడతారు. పెద్దావిడ శుక్రవారం శుక్రవారం తన అత్తమామలకీ, భర్తకీ పెట్టుకునేది. మా ముఠాలో ఒకామె పాముకాటుకి పోయిన వారం, ఆ వేలితోనే మా వాళ్ళ ఫొటో మీదికి కూడా వెళ్ళి, ఆమె నుదుటి దగ్గర ఒక బొట్టు పెట్టింది. మతం సంగతి ఆవిడకి తట్టి ఉండదు. తట్టినా పెట్టేదే. నా కల్లంలో చేసిన మనిషి నా ఇంట్లో మనిషి కాదా అనేది. ఆ తర్వాత ఒక్కొక్కరు పోయేకొద్దీ ఒక్కో బొట్టు. తడి కుంకుమ కావడంతో ఎండి అద్దానికి అలాగే అంటుకుని ఉండేది. అమ్మ వరండా మెట్ల దగ్గర కనిపిస్తే చాలు, లోపలినుంచే కేకేసేది.

"నీకింకా పెట్టలేదులేవే, భయపడకు!"

అమ్మ కూడా తక్కువదేం కాదు. "ముందు మీకెవరు పెడతారో చూసుకోండి అమ్మగారూ" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్ళి ఆ మాటలు విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఫొటోలో అమ్మకి ఎడమ పక్కన, వరసలో మొట్టమొదట కూర్చున్నామె గురించి చెప్పాలి. ఆమెని అమ్మ వదినా అని పిలిచేది, ఆమె కూడా అమ్మని వదినా అనే పిలిచేది. నాకు అత్త. రక్తసంబంధం ఏమీ లేదు, పాలెంలో ఎదురెదురు ఇళ్ళు. కల్లంలో రాశికి ఒకే పక్కన, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవాళ్ళు. ఒకరి చేతులు మండుతుంటే ఇంకొకరు ఆముదం రాసేవాళ్ళు. అత్త కూతుర్ని ఒక పాస్టరుగారికి ఇచ్చారు. భర్త పోయాక అత్త ఇల్లు వదిలేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పట్లో మాకెవరికీ ఫోన్లు లేవు, రైతుగారి ఇంట్లోనే ఉండేది. అత్త కూతురు ఏ కబురైనా అక్కడికే ఫోను చేసి చెప్పేది, పెద్దావిడ కేకేసి అమ్మకి చెప్పేది. తర్వాత పాస్టరుగారికి ఊళ్ళు మారాయి. పెద్దావిడ మంచాన పడి, మతిమరుపు వచ్చి, మనుషుల్ని పోల్చుకోవడం మానేసి, ఒక వానాకాలంలో పోయింది. దాంతో అత్త కబుర్లు ఆగిపోయాయి. అమ్మ మాత్రం ప్రతి రాత్రి ప్రార్థనలో అత్త పేరు చెబుతూనే ఉంది, బతికున్నవాళ్ళ వరసలో.

బొమ్మల ప్రారంభోత్సవానికి అమ్మ చర్చి చీర కట్టుకుంది. ఎమ్మెల్యేగారు ఆలస్యంగా వచ్చారు, అందుకని ఎండలో చాలాసేపు నిలబడ్డాం. రిబ్బను కత్తిరించి ఆయన ఏనుగు ముందు ఫొటో దిగి వెళ్ళిపోయారు. మిరపకాయల బొమ్మ దగ్గరికి మేమే నడుచుకుంటూ వెళ్ళాం. అమ్మ ముందు తన బొమ్మ చూసుకుంది.

"ముక్కు బాగానే పెట్టాడే" అంది. ఒక్క క్షణం ఆగి, "ఇదేంటి?" అంది.

బొమ్మలో అమ్మ నుదుటి మీద గుండ్రంగా ఎర్రటి బొట్టు ఉంది. అందరికీ ఉంది. ఒక్క నుదురూ వదలకుండా, ఒకే సైజులో, చక్కగా కాసంత బొట్లు దిద్దాడు. నాకు వెంటనే అర్థమైంది. ఆ పెయింటరుకి అద్దం మీద కుంకుమ అని ఎవరూ చెప్పలేదు. ఫొటోలో ఆడవాళ్ళు బొట్టు పెట్టుకున్నారనుకుని దించేశాడు.

"నన్ను చంపేశాడే వీడు!" అని అమ్మ పెద్దగా నవ్వింది. చుట్టూ ఉన్న పాలెం వాళ్ళు కూడా నవ్వారు. అమ్మ నవ్వుతూనే ఎడమ పక్కకి చూసింది. అక్కడ అత్త ఉంది, ఆమెకీ బొట్టు ఉంది. అమ్మ నవ్వు ఆగిపోయింది.

"వదినకి ఎవరు పెట్టారు?" అని అడిగింది నన్ను. "అమ్మగారు పెట్టిందా? వీడు పెట్టాడా?"

నాకేం తెలుసు. ఎండగా ఉంది పదమ్మా అన్నాను. అమ్మ కదల్లేదు. చివరికి చెయ్యి పట్టుకుని లాక్కు రావాల్సి వచ్చింది.

ఆ ప్రశ్న మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. అమ్మకి పెట్టింది పెయింటరే, అందులో అనుమానం లేదు, ఎందుకంటే అమ్మ నా ఎదురుగా మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. అత్త సంగతే తేలాలి. మంచాన పడకముందు పెద్దావిడకి ఏదో ఒక రోజు అత్త పోయిందని ఫోను వచ్చి ఉండవచ్చు. ఆవిడ లేచి వెళ్ళి బొట్టు పెట్టి, అమ్మకి చెప్పడం మరిచిపోయి ఉండవచ్చు. మతిమరుపు మొదలైన రోజుల్లో ఆవిడ పొయ్యి మీద పాలు మరిచిపోయింది, మనవడి పెళ్ళి మరిచిపోయింది. ఇది మరిచిపోవడం ఎంతసేపు?

ఈలోగా ఊరికి వేరే పని లేకుండా పోయింది. బొట్టు ఉన్నవాళ్ళంతా పోయినవాళ్ళేనన్న సంగతి పాలెం నుంచి ఊళ్ళోకి పాకింది. అమ్మ కూరగాయలకి వెళ్తే, ఎప్పుడూ వంకాయలు ఏరి ఇచ్చే ఆవిడ తక్కెడ పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసి, అమ్మ నీడ ఎక్కడ పడుతోందో చూసిందట. అమ్మే వచ్చి చెప్పింది. నవ్వుతూ చెప్పింది కానీ, మర్నాటి నుంచి కూరగాయలకి నన్ను వెళ్ళమంది. ఆ నెల రేషన్ షాపులో మిషన్ అమ్మ వేలిముద్ర తీసుకోలేదు. అది కొత్తేం కాదు, కల్లంలో చేసినవాళ్ళ వేళ్ళు అరిగిపోయి ఉంటాయి, చాలామందికి ఇలాగే అవుతుంది, నాలుగైదుసార్లు తుడిచి పెడితే పడుతుంది. ఈసారి ఎన్నిసార్లు పెట్టినా పడలేదు. వెనక వరసలో ఎవరో, "మిషన్‌కి కూడా తెలిసిపోయింది" అన్నారు. నేను వెనక్కి తిరిగి ఎవరన్నారో చెప్పమని అరిచాను. అమ్మ తన వేలి వంక చూసుకుంటూ నిలబడింది. ఇంటికొచ్చాక, "ఒకవేళ వదిన కూడా ఎక్కడో ఇట్టాగే నిలబడిందేమోనే" అంది.

ఇక నాకు ఓపిక పోయింది. మునిసిపాలిటీలో అడిగి పెయింటరు నంబరు తీసుకున్నాను. అతను తుళ్లూరు వైపు ఏదో కొత్త రోడ్డు పక్కన గోడలు వేస్తున్నాడు. ఫోనులో వెనకనుంచి కాంక్రీటు మిక్సర్ల హోరు. పోట్లాడదామనే చేశాను. అతను అంత మర్యాదగా మాట్లాడేసరికి పోట్లాట కుదర్లేదు.

"అయ్యో, కుంకుమని నాకు తెలవదండి. ఫొటోలో దాదాపు అందరికీ బొట్లున్నాయండి. ఒకరిద్దరికి లేకపోతే, మొహాలు బోసిగా ఉన్నాయని నేనే పెట్టేశానండి."

"ఒకరికా? ఇద్దరికా?"

"అంటే... ఒకరిద్దరికండి."

"బాబూ, సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఒకరైతే ఒక సంగతి, ఇద్దరైతే ఇంకో సంగతి."

"గుర్తు రావట్లేదండి" అన్నాడు, నిజంగా బాధపడుతూ. తను చూసి వేసిన ఫోను ఫొటో ఇంకా ఉందని, పంపుతానని అన్నాడు. పంపాడు. నేను, అమ్మ తలలు దగ్గర పెట్టి చూశాం. రైతుగారి హాల్లో, గోడకి ఉండగానే తీసిన ఫొటో. కుడివైపు నుంచి ఒక్కొక్క మొహం, ఒక్కొక్క బొట్టు స్పష్టంగా ఉన్నాయి. ఎడమ చివర, అమ్మ, అత్త ఉన్న చోట, ట్యూబ్‌లైటు అద్దంలో పడి తెల్లగా మెరిసింది. ఆ ఇద్దరికీ గడ్డం, మెడ, చేతుల్లో మిరపకాయలు ఉన్నాయి. నుదుళ్ళ దగ్గర తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదు. వేళ్ళతో ఎంత పెద్దది చేసి చూసినా వెలుతురే పెద్దదయింది. అమ్మ ఆ ఫోను నా చేతిలోంచి తీసుకుని, బోర్లించి మంచం మీద పెట్టేసింది.

రైతుగారి ఇంటికి నేనే వెళ్ళాను. పెద్దావిడ కోడలు ఎంతో ఆదరంగా, హాల్లోకి రమ్మని, కుర్చీ వేసింది. ఫొటో ఎదురుగానే ఉంది. తళతళలాడుతోంది.

"చూశారా టీచర్‌గారూ, మునిసిపాలిటీ వాళ్ళు మన ఫొటో పెట్టి గోడ మీద వేయించారుగా. ఆ సంబరంలో దీన్ని కిందికి దించి కొత్త ఫ్రేము, కొత్త అద్దం వేయించాం" అంది.

"పాత అద్దం?"

"అంచులు పగిలి చేతులు చీరుకుపోతున్నాయండి. పారేశాం."

కొత్త అద్దం కింద మా వాళ్ళంతా బోసి నుదుళ్ళతో, ఫొటో తీసిన రోజు ఎలా ఉన్నారో అలా, నా వంక చూస్తున్నారు. అందరూ బతికే ఉన్నట్టు ఉంది. గోడ మీద చూస్తే అందరూ పోయినట్టు ఉంది. అత్తకి బొట్టు ఉండేదా అని అడిగితే, అత్తగారి పూజల సంగతి నేను పట్టించుకునేదాన్ని కాదండి అంది ఆవిడ. మజ్జిగ ఇచ్చింది. తాగకుండానే లేచాను.

పెయింటరు ఆ మర్నాడు మళ్ళీ ఫోను చేశాడు. ఆదివారం వచ్చి మా అమ్మ బొట్టు చెరిపేసి, చర్మం రంగు వేసి వెళ్తానన్నాడు. అమ్మకి చెప్పాను. అమ్మ వద్దంది.

"నాది చెరిపితే, వదినది ఉంచుతాడా? ఉంచితే వదిన పోయినట్టేగా. చెరిపితే, పోయినామెది చెరిపినట్టయితే? ముందు తేలనీ."

అతన్ని రావద్దని చెప్పాను.

ఆ తర్వాత వారంలో ఒక సాయంత్రం బడిలో పని ఉండి పొద్దుపోయాక వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. అమ్మ చీకటి పడ్డాక బయటికి వెళ్ళే మనిషి కాదు. ఎదురింటివాళ్ళని అడిగితే యార్డు వైపు వెళ్ళిందన్నారు. కరెంటు పోయింది. నేను సెల్ టార్చి వేసుకుని గబగబా నడిచాను. యార్డు గోడ దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా దగ్గు వచ్చింది. అదే సమయంలో మార్టూరు నుంచి రాళ్ళ దిమ్మెలు వేసుకొచ్చే లారీ ఒకటి మలుపు తిరిగింది. దాని లైట్లు గోడ మీద ఆ చివర నుంచి ఈ చివరికి పాకుతూ వచ్చాయి. ఏనుగు, బ్యారన్లు, బస్సు, టోపీలు. మిరపకాయల రాశి. రాశి చుట్టూ ఆడవాళ్ళు.

ఆ బొమ్మలో అందరూ కూర్చునే ఉంటారు. నేను రోజూ చూస్తాను. ఆ వెలుగులో ఒకామె నిలబడి ఉంది.

నేను అక్కడే ఆగి టార్చి ఆర్పేశాను. లారీ వెళ్ళిపోయి మళ్ళీ చీకటైంది. ఆ చీకట్లో నిలబడినామె దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు, పుట్టినప్పటి నుంచి వింటున్నాను. టార్చి వేస్తే అమ్మ. గోడకి భుజం ఆనించి, అత్త బొమ్మ పక్కన, చెంప గోడకి తాకేలా నిలబడి ఉంది.

నాకు భయం పోయి కోపం వచ్చింది. చెడామడా తిట్టాను. నీకు మతి పోయిందా, పాములు తిరిగే చోటు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ఇప్పటికే నిన్ను దెయ్యమంటున్నారు, అన్నీ అనేశాను. అమ్మ అంతా విని, తన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"పోయినవాళ్ళంతా ఉన్నారుగా ఇక్కడ. వదిన కూడా వాళ్ళలో ఉంటే తెలుస్తుందేమోనని నిలబడ్డా" అంది. "ఏమీ వినపడలా. నాకు చెవుడాయె."

ఇంటికి వస్తూ దారి పొడవునా అమ్మ నా మోచెయ్యి పట్టుకునే నడిచింది. ఆ రాత్రి ప్రార్థనలో అత్త పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఏ వరసలో చెప్పాలో తెలియక ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. అమ్మ ఆ పేరు చెప్పకుండానే ఆమెన్ అంది. నాకు ఏడుపు వచ్చింది. ఆ పేరు లేని ప్రార్థన నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాడే చర్చి పెద్దల్ని పట్టుకున్నాను. ఒకరు ఇంకొకరిని అడిగి, వాళ్ళు ఒంగోలులో ఎవరినో అడిగి, చివరికి ఆ పాస్టరుగారు కొత్తపట్నం దగ్గర ఒక చేపల ఊళ్ళో ఉన్నారని తేల్చారు. ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు. ముసలావిడ ఉందా అని అడిగితే, అది తెలియదమ్మా అన్నారు. రెండో శనివారం బడికి సెలవు. పోదాం పదమ్మా అన్నాను. అమ్మ రానంది. అంత దూరం వెళ్ళి లేదని తెలిస్తే తిరిగి ఎట్లా రావాలి అంది. బస్సులో వస్తాం అన్నాను, మొండిగా. నా మొండితనం అమ్మ దగ్గర నేర్చుకున్నదే, అందుకని అమ్మ చెప్పులేసుకుంది.

ఒంగోలులో బస్సు మారాం. చేలు అయిపోయి సరుగుడు తోటలు, ఇసుక మొదలైంది. గాలిలో ఉప్పు, ఎండుచేపల వాసన. అమ్మ కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. బస్సు దిగి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళని చర్చి ఎక్కడని అడిగాం. ఇసుకలో నడుస్తుంటే అమ్మ రెండుసార్లు ఆగింది. ఆయాసమేమోననుకున్నాను. కాదు, వెనక్కి వెళ్ళిపోదామా అని ఆగుతోంది. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను.

చర్చి వెనకాల చిన్న రేకుల ఇల్లు. ముందు పంచలో నులకమంచం మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. బక్కచిక్కిపోయింది, జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. మోకాలు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న తీరు మాత్రం గోడ మీద ఉన్నట్టే ఉంది. అమ్మ నా చెయ్యి వదిలేసింది. నాకు ఒక్కసారిగా గుండె మీద నుంచి బరువు దిగిపోయింది. ఉంది, అత్త బతికే ఉంది, అని పైకే అన్నాననుకుంటాను.

అత్త తలెత్తి అమ్మని చూసింది. ఆశ్చర్యపోలేదు. లేవలేదు. ఏడవలేదు. ఎప్పుడో చెప్పిన వేళకి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

"వచ్చావా వదినా" అంది. "ఇవాళా రేపా అని చూస్తానే ఉన్నా. ఉండు, చీర మార్చుకొస్తా."

మంచం కోడు పట్టుకుని లేచి, మెల్లగా లోపలికి వెళ్ళింది. ఇంటికి వచ్చినవాళ్ళ కోసం మంచి చీర కట్టుకోవడం ఆడవాళ్ళకి మామూలే కాబట్టి మాకేమీ అనిపించలేదు. అమ్మ మంచం మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అప్పుడు పెరట్లో నుంచి అత్త కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అమ్మని చూసి అక్కడే ఆగిపోయింది. చేతిలో గుడ్డ కింద పడింది.

"అత్తా, నువ్వు... నువ్వు ఉన్నావా?" అంది.

తర్వాత నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. మా ఊరి గోడ వీడియో వాళ్ళ ఫోనుల్లోకి కూడా వచ్చిందట. అమ్మా, నీ బొమ్మ చూడు, అని ఈమె సంబరంగా చూపించింది. అత్తకి ఆ రైతుగారి ఇంటి బొట్ల సంగతి గుర్తుంది. బొమ్మలో మా అమ్మ నుదుటి మీద బొట్టు చూసింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. పాస్టరుగారి చేత మా అమ్మ పేరున ప్రార్థన కూడా చేయించారట. మర్నాడు అత్త, నాకూ పెట్టారు చూశావా, నాకు ముందే పెట్టేశారంటే వదిన వచ్చి తీసుకెళ్తది, అంది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే స్నానం చేసి ఈ పంచలో కూర్చుంటోంది. ప్రభువు తప్ప ఎవరూ రారమ్మా అని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా వినలేదట.

అమ్మ వంక చూశాను. చెవుడు కాబట్టి ఏమీ వినలేదనుకున్నాను. అమ్మ మొహం చూస్తే కొంత విన్నట్టే ఉంది.

లోపల ట్రంకుపెట్టె మూత పడిన చప్పుడైంది. అత్త గుమ్మంలోకి వచ్చింది. తెల్లచీర. మడతలు ఇంకా విడిపోని, కొత్త తెల్లచీర. మా వాళ్ళలో పెద్దవాళ్ళు చివరి ప్రయాణానికని కొని దాచుకునే చీర అది, అమ్మ పెట్టెలో కూడా ఒకటి ఉంది. తల నున్నగా దువ్వుకుంది. చంకలో బైబిలు పెట్టుకుంది. చెప్పులు వేసుకోలేదు. కూతురి వంక తిరిగి, "పొయ్యి మీద కూర చూసుకోవే" అంది, సంతకి వెళ్తున్నట్టు. కూతురు గోడకి ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఏదో ఒకటి చెప్పాలి, ఇది తప్పు, బొట్టు పెట్టింది పెయింటరు, అని గట్టిగా అరిచి చెప్పాలి అనుకున్నాను. ఆ మొహంలో ఉన్న నెమ్మది చూసి పక్కకి జరిగి దారిచ్చాను.

అత్త ఎండలోకి దిగింది. మంచం మీదున్న అమ్మకి ఎదురుగా నిలబడింది.

"మనోళ్ళంతా బాగున్నారా అక్కడ?" అని అడిగింది.

జవాబు కోసం ఆగకుండా, "సరే, పద" అని చెయ్యి చాచింది. అమ్మ లేచి ఆ చెయ్యి అందుకుంది. ఇద్దరూ ఇసుకలో ఒక అడుగు వేశారు. అత్త ఆగిపోయింది. అమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, తన చెంపకి ఆనించుకుని చూసింది. ఆ మొహంలో నెమ్మది పోయి, మొదటిసారి భయం కనిపించింది.

"ఇదేంటి వదినా," అంది, "నీ చెయ్యి ఇంత వెచ్చగా ఉంది?"